ఉన్ని ఉతికిన రోజు

మా అక్క బేయా మొన్నటి చలికాలంలో చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన పండక్కి మా ఇంట్లో తీపి వండలేదు. చావు జరిగిన ఇంట్లో వండరు, ఇరుగుపొరుగు వాళ్ళే పంపిస్తారు. పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని అక్క అనేది. అందుకని ఒక్కో పళ్ళెంలో గుప్పెడు ఖర్జూరాలు వేసి పంపాను. ఆమాత్రం నాకు చేతనయింది.

కైరవాన్‌లో ఆ ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే ఉండేవాళ్ళం. అమ్మ పోయేసరికి అక్కకి పంతొమ్మిదేళ్ళు. నేను బళ్ళో చదువుతున్నాను. చెల్లెలు దలీలాకి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. అక్క మమ్మల్ని పెంచింది, తను పెళ్ళి చేసుకోలేదు. నేను లెక్కల మాస్టారినయ్యాను, నేనూ చేసుకోలేదు. ఎవరైనా కారణం అడిగితే తీరిక లేదనేవాణ్ణి. దలీలా మాత్రం చేసుకుని సూస్‌లో కాపురం పెట్టింది, అక్కడే ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతోంది. చిన్నప్పుడు మాటలు ఆలస్యమైన లోటంతా ఆ దుకాణంలో తీర్చుకుంది.

దలీలాకి నాతో పని పడితే అక్కకి ఫోన్ చేసేది. "అన్నయ్యకి చలికోటు కొన్నాను, వేసుకోమని చెప్పు" అనేది. నేను అక్క పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి. "వేసుకుంటానని చెప్పు" అనేవాణ్ణి. ఇన్నేళ్ళూ మా అన్నాచెల్లెళ్ళ సంభాషణ అలాగే నడిచింది. అందులో వింత ఉందని మాకెప్పుడూ తోచలేదు.

వేసవి ముదిరాక దలీలా మొదటిసారి నాకే ఫోన్ చేసింది. 

"ఔస్సూ వచ్చేసింది అన్నయ్యా" అంది.

"అవును. ఎండలు బాగా ఉన్నాయి."

"వసీలా పిన్నికి చెప్పేశాను. శనివారం కారు తీసుకుని వస్తాను. ఈత నిక్కరు పెట్టుకో. పోయినసారి మర్చిపోయి పైజామాతో దిగావు, చేపలు సిగ్గుతో చచ్చాయి."

"సరే" అన్నాను.

నడివేసవిలో ఒళ్ళు ఉడికిపోయే రోజుల్ని మేం ఔస్సూ అంటాం. ఆ రోజుల్లో సూర్యుడు పొడవకముందే సముద్రంలో ఏడు మునకలు వేస్తే ఏడాదంతా రోగం దగ్గరికి రాదని పెద్దవాళ్ళ నమ్మకం. అక్క దగ్గర అది నమ్మకం కాదు, చట్టం. ఏటా ఔస్సూలో ఒక వారం మహ్దియాలో వసీలా పిన్ని ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకునేవాళ్ళం. చీకటి ఉండగానే అక్క మమ్మల్ని లేపి నీళ్ళలోకి తోలేది. మేం వణుకుతూ బయటికి రాగానే చెరొక గిన్నె బ్సీసా పిండి చేతిలో పెట్టేది. వేయించిన బార్లీ, శనగలు, మెంతులు, సోంపు కలిపి విసిరిన పిండిలో ఆలివ్ నూనె పోసి కలిపితే బ్సీసా. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. "నీదేదీ?" అని అడిగితే "నేను తర్వాత తింటాలే" అనేది.

శనివారం మధ్యాహ్నానికి మహ్దియా చేరాం. దలీలా కారు నీడలో పెట్టడానికి వెళ్ళింది. వసీలా పిన్ని గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని మామూలు గొంతులోకి వచ్చింది.

"దలీలా ఫోన్లో చెప్పిందిలే మాస్టారూ. వెళ్ళేటప్పుడు మీ సామానంతా తీసుకుపోతామంది. అందుకే మెట్ల కింది గదిలోంచి అన్నీ బయటికి తీయించాను. ఏం చేస్తాం. బేయా లేకపోయాక మీరు మాత్రం ఎందుకొస్తారు."

వసీలా పిన్ని ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏటా వచ్చే కుటుంబాలు తమ ఉన్నిపరుపులూ గిన్నెలూ మెట్ల కింద గదిలో వదిలి వెళ్తాయి. పరుపు అక్కడుంటే మళ్ళీ వస్తారని లెక్క. ఆ వారం ఆ గదులు ఇంకెవరికీ ఇవ్వదు. ఇక రానివాళ్ళు పరుపులు పట్టుకుపోతారు. ఆ విషయం వేరే చెప్పాల్సిన పని లేదు.

దలీలా నాకీ సంగతి చెప్పలేదు. వసీలా పిన్నితో మాత్రం "అవును" అన్నాను.

వరండాలో మా మూడు పరుపులూ గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ లెక్కా వెంటనే తేలింది. ఈ వారం గడిస్తే ఇక పండక్కి ఒక ఫోను, ఎవరిదో పెళ్ళికి ఒక రాక. అక్క ఉండగా అక్క కోసం ముగ్గురం కలిశాం. ఇప్పుడు దలీలా మర్యాదగా చివరి వారం గడిపి ముడి విప్పుతోంది. తప్పు పట్టడానికేం లేదు. దానికి మొగుడున్నాడు, పిల్లలున్నారు, దుకాణం ఉంది. అడుగుదామనుకున్నాను. అడిగితే అవునంటుంది, అన్నాక ఈ వారం కూడా మిగలదు. అడగలేదు.

కనీసం ఈ వారమైనా దానికి ఏ లోటూ రాకూడదనుకున్నాను. మర్నాడు చీకటితోనే లేచి పిండి కలిపి, దలీలా గది తలుపు తట్టాను. లోపల ఏదో కిందపడింది. కళ్ళు మూసుకునే బయటికొచ్చింది.

"లేచావా అన్నయ్యా. నేనూ లేచే ఉన్నాను."

చెంప మీద దిండు ముడత ఉంది. 

తెల్లవారుజామున ఆ నీళ్ళు నాకెప్పుడూ పడవు. అవి కాళ్ళకి తగిలితే చల్లగా ఉంటాయి, పొట్టకి తగిలితే ప్రాణం పోతుంది. దలీలా బిగ్గరగా లెక్కపెడుతూ మునిగింది. "ఒకటి, రెండు, మూడు, ఆరు, ఏడు" అంది.

"నాలుగూ అయిదూ ఏమయ్యాయి?"

"అవి నువ్వు చూడనప్పుడు వేశాను. ఇది బడి కాదు, పద."

తర్వాత పిండి. మొదటిరోజు కష్టపడి తినేశాను. ఆ మెంతుల చేదూ ఆ నూనె జిడ్డూ చిన్నప్పటి నుంచీ నాకు గొంతు దిగవు. రెండోరోజు నుంచి పేపరు చదువుకుంటానని చెప్పి గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, వసీలా పిన్ని కోళ్ళకి పెట్టేసేవాణ్ణి. దలీలా తన గిన్నెతో మేడ మీదికి వెళ్ళేది, జుట్టు ఆరబెట్టుకుంటూ తింటానని. అది ఇష్టంగా తింటోంది కదా అని రోజూ మళ్ళీ కలిపేవాణ్ణి.

మిగతా పగలంతా తీరిక. పొద్దున రేవులో సార్డీన్ చేపలు తెచ్చుకుని బొగ్గుల మీద కాల్చుకునేవాళ్ళం. మిరపకాయలూ టమాటాలూ అదే నిప్పులో కాల్చి దలీలా పచ్చడి నూరేది. మధ్యాహ్నాలు రాళ్ళ నీడలో పడుకునేవాళ్ళం. దలీలా నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ ఒడ్డున నాతో మాట్లాడేది, చెవుల్లో నీళ్ళు ఉండటంతో నా జవాబు వినపడేది కాదు. దానివల్ల దాని మాటలకేం ఆటంకం రాలేదు.

ఒక సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసి నా మెడకి తువ్వాలు చుట్టింది. ఏటా నా జుట్టు అక్కడే కత్తిరిస్తుంది.

"ఎలా తీయమంటావు?"

"ఎప్పటిలాగే."

"ఎప్పటిలాగా అంటే అక్క చెప్పేది. చెవుల మీద ఎక్కువ తీయకు, వెనక తగ్గించు అనేది. ఇప్పుడు నువ్వు చెప్పు, తల నీదే కదా."

"నాకు తెలీదు దలీలా."

"తలనెరిసి ఇన్నేళ్ళయింది, ఆ తల ఎలా ఉండాలో తెలీదంటావు. పిల్లలకి ఏం చెప్తావు బళ్ళో?"

"కూడికలు."

నవ్వింది. కత్తెర ఆడుతున్నంతసేపూ నా తల అటూ ఇటూ తిప్పడానికి చల్లటి వేళ్ళు నా గడ్డం కింద పెట్టేది. చెవుల దగ్గరికి వచ్చినప్పుడు కత్తెర ఆగింది. వెనక నిలబడి ఉంది కాబట్టి దాని ముఖం నాకు కనపడలేదు. కాసేపటికి మళ్ళీ కత్తెర కదిలింది. చెవుల మీద ఎక్కువ తీయలేదు.

అప్పుడు అడగొచ్చు. "సామాను ఎందుకు తీసుకుపోతున్నావు?" అనడానికి ఎంతసేపు పడుతుంది. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. మెడ మీద వెంట్రుకలు దులిపి "లే, పెళ్ళికొడుకా" అంది దలీలా. లేచాను.

బుధవారం పొద్దున స్నానమయ్యాక గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. దలీలా అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. తన గిన్నెలోని పిండి వేలితో గీకి ఎర్రకోడి ముందు పెడుతోంది. నన్ను చూసి వేలు అలాగే ఉంచేసింది.

"కోడి ఆకలిగా ఉంది" అంది.

నా గిన్నె వైపు చూసింది. నిండుగా ఉంది. చేతిలో పేపరు కూడా లేదు, ఆ రోజు తేవడం మర్చిపోయాను.

"నీ కోడికి కూడా ఆకలేనా అన్నయ్యా?"

వంటగది కిటికీలోంచి వసీలా పిన్ని అంది: "ఆగిపోయారేం? పెట్టండి. మీ పుణ్యమా అని ఈ వారం నేను దాణా ఎరగను. ఒకళ్ళు వెళ్ళగానే ఒకళ్ళు వస్తున్నారు, పాపం వాటికి అరగడానికైనా టైమివ్వరు."

"నీకు తెలుసా పిన్నీ?"

"తెలియకేం? మీ అక్కా అంతేగా. మీకు పెట్టేసి, మీరు అటు తిరగ్గానే తన గిన్నె తెచ్చి ఇక్కడ బోర్లించేది. ఆ మెంతివాసనే పడదనేది."

దలీలా లేచి నిలబడింది. "అక్కకి పడదా?"

"ముక్కు మూసుకుని కలిపేది. అంత కష్టమెందుకే అని నేను అడిగేదాన్ని. పిల్లలకి అది లేకపోతే తెల్లవారదు పిన్నీ, వాళ్ళకి అమ్మ చేతి పిండి గుర్తు అనేది. పిల్లలంటే ఎవరనుకున్నారు, మీరే. ఒకడికి పళ్ళు ఊడుతున్నాయి, ఒకతె జుట్టుకి రంగేస్తోంది."

కిటికీ మూసుకుంది. దలీలా మెల్లగా కోళ్ళ మధ్యే నేల మీద కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి, అది నవ్వేనని తర్వాత తెలిసింది. నాకూ వచ్చింది. అక్క పోయాక నేను నవ్వడం అదే మొదలు. గిన్నె పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను. చాలాసేపు నవ్వి, చివర్లో దలీలా గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నచ్చదు."

"నాకూ."

"మరి రోజూ ఎందుకు కలిపావు?"

"నీకోసం."

"నేను లేచింది నీకోసం. చీకట్లో, ఆ మంచునీళ్ళలో. రొంప పట్టింది నాకు. అక్క లేదు కదా, కనీసం ఈ ఒక్కటైనా అన్నయ్యకి తగ్గకూడదని మొండికేశాను."

ఎర్రకోడి నా గిన్నెలో తలపెట్టింది. ఎలా వచ్చిందో తెలీదు, ఆ మాట అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"సామాను తీసుకుపోవడం కూడా నాకోసమేనా?"

దలీలా నవ్వు ఆగింది.

"పిన్ని చెప్పిందా?"

"వచ్చిన రోజే."

"ఇన్నాళ్ళూ అడగలేదేం?" వెంటనే తనే చెప్పింది. "అడగవు. నాకు తెలుసు. అందుకే అలా చేశాను. ఇక్కడ ఏ మూల చూసినా అక్కే. నువ్వు రాలేవనుకున్నాను. రాలేనని నోరు తెరిచి చెప్పవు, నాకోసం ఏటా వచ్చి గోడలా కూర్చుంటావు. ఆ వద్దనే మాటేదో నేనే అనేస్తే నీకు బరువు తగ్గుతుందని."

"నీకెలా ఉంది?"

"నా సంగతి తర్వాత. నేను ముందు చెప్తే నువ్వు సరే అంటావు. ముందు నువ్వు చెప్పు. పరుపులు తీసుకుపోదామా, ఉంచుదామా? నేను అడిగేది నిన్ను. మధ్యలో ఎవరూ లేరిప్పుడు."

ఆ జవాబు నా దగ్గరుంది. 'వస్తానని చెప్పు' అంటే సరిపోయేది, ఎప్పటిలా. చెప్పడానికి పక్కన మనిషి లేదు. దలీలా నా ముఖంలోకే చూస్తోంది. బళ్ళో నల్లబల్ల ముందు చేతిలో సుద్దముక్క కదలని పిల్లల్ని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళ గొంతులో ఏం జరుగుతుందో ఆ పొద్దున తెలిసింది.

"ఆలోచిస్తాను" అన్నాను.

"సరే" అంది. లేచి గౌను దులుపుకుంది. "ఆలోచించు." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

గురువారం ఎవరూ ఎవరినీ లేపలేదు. నేను లేచేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది. బల్ల మీద కాగితంలో వేడి బాంబలూనీలు ఉన్నాయి. రేవు పక్కన వేయిస్తారు వాటిని, గారెల్లా చిల్లు ఉంటుంది, పైన పంచదార. దలీలా తన వంతు తినేసి వెళ్ళిపోయింది. వరండాలో రెండు పరుపులే ఉన్నాయి.

దలీలా రాళ్ళ దగ్గర కనపడింది. అక్క పరుపు అక్కడికి లాక్కుపోయి అంచు కుట్లు విప్పేసి, లోపలి ఉన్ని చేతులతో తీస్తోంది.

"కారులో మూడు పరుపులు పట్టవు" అంది నన్ను చూసి. "దీన్ని ఉన్ని చేసి మూట కడితే పడుతుంది. ఎలాగూ ఔస్సూలో ఉతకాలి కదా."

మా వైపు వేసవిలో ఆడవాళ్ళు పరుపులు విప్పి ఉన్ని సముద్రంలోనే ఉతుకుతారు. ఆ పని మా అక్క చేసేది, మేం చూసేవాళ్ళం. ఉన్ని ఉండలు కట్టి ఉంది. అక్క తల ఆనిన చోట మరీ గట్టిపడింది. దలీలా అక్కడికి వచ్చి వేళ్ళతో విడదీయబోయి, విడదీయకుండా పక్కన పెట్టింది.

పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకుని నీళ్ళలోకి దిగాను.

"నువ్వేం చేస్తావు అన్నయ్యా, ఇది మగవాళ్ళ పని కాదు."

"ఇటివ్వు."

ఒక చేతెడు ఇచ్చింది. నీళ్ళలో ముంచగానే అది బరువెక్కి గొర్రెవాసన వేసింది. వదిలితే కొట్టుకుపోతుంది, పిండితే ముద్దవుతుంది. దలీలా చెప్పింది: "పిండకు. ఊపు. పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు." ఊపాను. నీళ్ళు మురికిగా మారి మళ్ళీ తేటపడ్డాయి. ఒక ముద్ద చేయిజారి అలతో పోతుంటే వెంటపడ్డాను, జారి కూర్చుండిపోయాను.

"పోయినసారి పైజామా, ఈసారి పంట్లాం" అంది దలీలా. "నిక్కరు మోసుకొచ్చింది ఎందుకో."

పక్కన పెట్టిన గట్టి ముద్దని చివరికి నేనే తీసుకున్నాను. నీళ్ళ కింద పట్టుకుని వేళ్ళతో కొంచెం కొంచెంగా విప్పాను. విడిపోయింది. లోపల ఇంకా తెల్లగా ఉంది. దలీలా చూస్తోంది.  బావినీళ్ళతో ఉప్పు వదిలించి, ఉన్ని అంతా రాళ్ళ మీద పరిచాం. ఎగిరిపోకుండా పైన వసీలా పిన్ని పాత వల కప్పాం.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆరింది. వరండాలో కుప్ప పోస్తే మా నడుం దాకా వచ్చింది. దలీలా మూట కట్టడానికి దుప్పటి తేవడానికి లోపలికి వెళ్ళింది. శనివారం పొద్దునే ప్రయాణం.

నేను నా పరుపు నేల మీదికి పడేశాను. ఇన్నేళ్ళ పడకకి పల్చబడి, మధ్యలో గుంట పడింది. అంచు కుట్లు కత్తెరతో విప్పి, అక్క ఉన్ని రెండు చేతుల నిండా తీసి లోపలికి కుక్కాను. మళ్ళీ తీసి కుక్కాను. దలీలా దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తున్నావు అన్నయ్యా?"

దలీలా పరుపు కూడా లాగి విప్పాను.

"అలా బలిపిస్తే కారులో పట్టవు."

"పట్టవు" అన్నాను.

దుప్పటి పట్టుకునే నా పక్కన కూర్చుంది. వసీలా పిన్నిని అడిగి పెద్ద సూదీ నూలుదారం తెచ్చుకున్నాను. దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. దలీలా సాయం చేయలేదు, చూస్తూ కూర్చుంది. ఒక అంచు కుట్టాను.

"ఆ కుట్లేంటి" అంది. "కుంటిమేక నడిచినట్టున్నాయి."

"ఒక్క ఏడాది నిలిస్తే చాలు. వచ్చే ఔస్సూకి మనం విప్పినప్పుడు నువ్వు కుట్టు."

నా నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను. తల ఎత్తలేదు, సూది అవతలికి లాగాను. దలీలా చాలాసేపు మాట్లాడలేదు. దాని విషయంలో అది చిన్న సంగతి కాదు. ఒళ్ళో ఉన్న దుప్పటి మడత పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచి పక్కన పెట్టింది.

"వచ్చే ఏడాది దాకా ఎందుకు" అంది. "ఆ సూది ఇటివ్వు. రెండోది కూడా పాడు చేసేట్టున్నావు."

ఇచ్చాను. దగ్గరికి జరిగి, అంచు రెండు వైపులా పట్టుకోమంది. పట్టుకున్నాను.

"గట్టిగా" అంది.